మంగళవారం దాకా ఆగిన తుంటి ఎముక

మా పిన్నికి తుంటి ఎముక విరిగినప్పుడు రోబో ఆపరేషన్ చెయ్యలేదు. మా చర్చిలో రెండొందల మంది ముందు మైకు పట్టుకుని నిలబడ్డ రోజున ఆ ముక్క నేను చెప్పలేదు. చెప్పకపోగా, రోబోయే చేసిందనిపించేలా పది నిమిషాలు మాట్లాడాను. అక్కడితో ఆగినా కొంత నయం. ఆపరేషన్ ఎందుకు ఆలస్యమైందో ఎవరూ అడక్కుండానే నేనే చెప్పాను. పిన్ని భయపడిందన్నాను. పిన్ని అప్పుడు మొదటి బెంచీలో కూర్చుని ఉంది.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లు నర్సుగా పనిచేసింది, అందులో చాలా భాగం ఆపరేషన్ థియేటర్లోనే. రిటైరయ్యాక మా ఇంట్లో ఉంటోంది. మా ఊరు రావులపాలేనికి కాస్త ఇవతల. ఊళ్లో అందరూ ఆవిణ్ణి సిస్టరమ్మగారంటారు. మా సంఘంలో ఎవరికి ఆపరేషన్ పడినా ముందురోజు ఆవిడకి కబురొచ్చేది. దానికోసం ఒక గుడ్డసంచీ మేకుకి వేలాడుతూ ఉండేది. ఫ్లాస్కు, దువ్వెన, తువ్వాలు, బైబిలు, రెండు జతల బట్టలు ఎప్పుడూ సర్దే ఉండేవి. వెళ్లి పేషెంటు మంచం పక్కన కూర్చునేది. ప్రార్థన రెండు నిమిషాలే. మిగతాదంతా సమాచారం. మత్తు ఎక్కడ ఇస్తారు, లేచాక నోరెందుకు ఎండిపోతుంది, ఎప్పుడు మంచినీళ్లిస్తారు, అన్నీ చెప్పేది. "భయమేస్తే నాతో చెప్పు. డాక్టరుగారితో చెప్పకు, ఆయన కంగారుపడతాడు," అనేది.

అలాంటి మనిషికి నేను భయస్తురాలన్న పేరు తెచ్చాను.

రెండేళ్ల కిందట ఒక గురువారం పొద్దున్న వాకిట్లో పూలకుండీని ఎండలోకి జరపబోయి పిన్ని జారిపడింది. నేను బడికి బయల్దేరుతూ చప్పుడు విని పరిగెత్తాను. లేపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపకు. ముందు కాలు చూడు. పాదం పక్కకి తిరిగిందా?"

"లేదు పిన్నీ."

"రెండో కాలికంటే పొట్టిగా కనపడుతోందా?"

"లేదు."

"అయితే విరిగుంటుంది గానీ జరిగుండదు. కదపకుండా తీసుకెళ్లాలి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. నీ కారులో మడతపెట్టి తీసుకెళ్తానంటే ఊరుకోను."

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టార్ని. పాతికేళ్లుగా పిల్లలకి బలాలు, భ్రామకాలు చెప్తున్నాను. ఆ పది నిమిషాలూ వాకిట్లో పడుకున్న మనిషి పాఠం చెప్తుంటే నేను విన్నాను. అలాగే వింటూ ఉంటే ఈ కథ ఉండేది కాదు.

రాజమండ్రిలో ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎక్స్‌రే చూసి నన్ను వరండాలోకి రమ్మన్నాడు. మా వైపు పద్ధతి ఇదే. రోగం లోపల పడుకుని ఉంటుంది, దాని వివరం బయట నిలబడ్డ మగవాళ్లకి చెప్తారు. ముప్ఫై ఆరేళ్లు థియేటర్లో నిలబడ్డ మనిషి లోపల పైకప్పు చూస్తూ ఉంది. నేను బయట తలాడిస్తూ ఉన్నాను.

"తుంటి ఎముక మెడ దగ్గర బీట వచ్చిందండి. ఎముక తన చోటే ఉంది, అది అదృష్టం," అన్నాడు. "రేపు పొద్దున్నే మూడు స్క్రూలు వేసేస్తాను. పెద్ద కోత కూడా ఉండదు. ఈ వయసులో ఎంత తొందరగా లేపి నడిపిస్తే అంత మంచిదండి."

సరేనండి అనబోయాను. సరిగ్గా ఆయన భుజం వెనక గోడ మీద ఒక పోస్టరు కనపడింది. జుట్టు తెల్లగా, పళ్లు ఇంకా తెల్లగా ఉన్న ముసలి దంపతులు నవ్వుతున్నారు. వాళ్ల పక్కన తెల్లటి యంత్రం ఒకటి చెయ్యి చాపి ఉంది.

"ఇక్కడ రోబో ఉందా అండి?" అన్నాను.

"ఉందండి. మోకాళ్లకి నేను వాడతాను. విరిగిన ఎముకలకి దాంతో చేసే డాక్టరుగారు మాత్రం విశాఖపట్నం నుంచి మంగళవారం వస్తారు. మంచి పద్ధతేనండి. స్క్రూ ఏ దారిలో వెళ్లాలో అది కదలకుండా పట్టుకుని చూపిస్తుంది. వేసేది మేమే. కానీ మీ పిన్నిగారికి దానికోసం ఆగాల్సినంత అవసరం లేదు. ఆగితే ఎముక జరిగే ప్రమాదం కూడా ఉంది."

ఆయన చెప్పినవాటిలో నేను పట్టుకున్నవి రెండే. ఉందండి. మంచి పద్ధతేనండి.

ఇక్కడ మా తోడల్లుడి గురించి చెప్పాలి. ఆయన సీసాలు చవగ్గా దొరికే యానాంలో ఉంటాడు. అందువల్ల మగ బంధువులందరికీ ఆయనంటే ప్రత్యేకమైన అభిమానం, ఎందుకో చర్చిలో చెప్పుకోరు. అంతకుముందు ఏడాది ఆయన వాళ్లమ్మకి హైదరాబాదులో రోబోతో మోకాళ్లు మార్పించాడు. ఆ తరవాత ఏ పెళ్లిలో కలిసినా, ఏ సమాధి ప్రార్థనలో కలిసినా అదే మాట. "మనిషి చెయ్యి వణుకుద్ది బ్రదర్, రోబో చెయ్యి వణకదు," అనేవాడు. ఒకసారి భోజనాల దగ్గర పదిమందిలో నన్నడిగాడు. "మీ వైపు ఇంకా చేత్తోనే చేస్తున్నారా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఏడాదిపాటు నా గొంతులో అలాగే ఉండిపోయింది.

"మంగళవారం దాకా ఆగుతామండి," అన్నాను డాక్టరుగారితో.

ఆయన మరోసారి చెప్పి చూశాడు. ఆపైన ఒక కాగితం ఇచ్చాడు. మా ఇష్టప్రకారమే ఆగుతున్నామని అందులో ఉంది. సంతకం పెట్టాను. పిన్నికి చదివి వినిపించలేదు. లోపలికెళ్లి ఇంకో మాట చెప్పాను.

"థియేటర్ ఖాళీ లేదట పిన్నీ. మంగళవారం చేస్తారట."

"తుంటి విరిగిన ముసలిదానికి కూడానా?"

"లేదట."

"ఎన్ని టేబుళ్లున్నాయి ఇక్కడ?"

"నాకు తెలీదు."

నన్ను కాసేపు చూసి, "సరేలే," అంది. తరవాత కాలు కదలకుండా దిండు ఎలా పెట్టాలో మా ఆవిడకి చెప్పడం మొదలుపెట్టింది.

శనివారం నేను సంఘం వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సిస్టరమ్మగారికి మంగళవారం రోబో ద్వారా శస్త్రచికిత్స, ప్రార్థించండి. బంధువుల గ్రూపులో కూడా పెట్టాను. అందులో తోడల్లుడు ఉన్నాడు. నిజం చెప్పాలంటే ప్రార్థన కోరింది మొదటి గ్రూపులోనే.

ఆదివారం పొద్దున్న దుప్పటి మారుస్తుండగా పిన్ని ఒక్కసారి పళ్లు బిగించి నా చొక్కా పట్టుకుంది. అరవలేదు. "జరిగిందిరా," అంది. ఎక్స్‌రే తీశారు. జరిగింది. డాక్టరుగారు మళ్లీ వరండాలోకి పిలిచాడు.

"ఇక స్క్రూలు కుదరవండి. ఎముక పైభాగం తీసేసి లోహపు బంతి పెట్టాలి. పెద్ద ఆపరేషనే. రేపు నేనే చేసేస్తాను, ఇంక ఆగొద్దు. దీనికి ఆ రోబోతో పనిలేదు."

నేనన్నందుకే ఆగామని ఆయన గుర్తుచెయ్యలేదు. గుర్తుచేసి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు పడి ఉండేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే ఆరాధన అయ్యాక సంఘం వాళ్లు ఒక వ్యానులో వచ్చారు. అరటితోటల రావులపాలెం వైపు వాళ్లం కాబట్టి మాకు పరామర్శ అంటే అరటిపళ్లే. సాయంత్రానికి ఆ గది సంతలా ఉంది. ప్రతివాళ్లూ పిన్ని మంచం దగ్గరకి వంగి ఒకటే మాట.

"రోబో అంటగా అండి సిస్టరమ్మగారూ. అది తెలుగులో మాట్లాడుద్దా అండి?"

"మంగళవారం దాకా ఆగారంటే మాటలా అండి. మాస్టారుగారు మీకోసం ఎంత కష్టపడుతున్నారో."

పిన్ని తల నావైపు తిప్పింది. నేను అరటిపళ్లు సర్దుతున్నాను.

సోమవారం ఆ చిన్న డాక్టరుగారే, తన రెండు చేతులతో, ఆపరేషన్ చేశాడు. బాగానే చేశాడు. మంగళవారం విశాఖ డాక్టరుగారు వచ్చి వేరే ఎవరికో చేసి వెళ్లాడు. ఆ సాయంత్రం నేను టీకి వెళ్తూ రోబోని చూశాను. థియేటర్ బయట నడవాలో ఒక మూలన నిలబెట్టి ప్లాస్టిక్ కవరు కప్పారు, మా చర్చిలో ఆదివారం అయిపోయాక హార్మోనియానికి కప్పినట్టు. మాకూ దానికీ పరిచయం అంతవరకే.

తోడల్లుడు ఫోన్ చేశాడు. "ఏ కంపెనీది?" అన్నాడు. కవరు మీదున్న పేరు చెప్పాను. "ఓ, అదా. మాది కొత్త మోడల్ బ్రదర్," అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పడానికి వీలుండేది. కానీ ఆ క్షణంలో నాకు పాత మోడల్ అన్నందుకే కోపమొచ్చింది.

పిన్ని మూడు నెలలకి వాకరుతో చర్చికి వచ్చింది. ఆ కాలు కొద్దిగా పొట్టి అయింది. చర్చి మెట్లు నాలుగే, వాటిని ఎక్కడానికి ఒక పాట పూర్తయ్యేంత సేపు పట్టింది. మా సంఘంలో ఆనవాయితీ ఏమిటంటే, జబ్బుపడి లేచినవాళ్లు మొదటిసారి చర్చికి వచ్చిన రోజున సాక్ష్యం చెప్పాలి. నిలబడలేనివాళ్ల తరఫున ఇంటి మగవాడు చెప్తాడు. మైకు నాకిచ్చారు.

సాక్ష్యం చెప్పడానికి వినీ వినీ అలవాటైన ఒక వరస ఉంది. ముందు కష్టం చెప్పాలి, మధ్యలో ఒక అడ్డంకి రావాలి, చివర అది తొలగాలి. నా కథలో అడ్డంకి నేనే. ఆ స్థానంలో ఇంకెవర్నో పెట్టకపోతే కథ నడవదు. నోటికి దగ్గర్లో ఉన్నది పిన్ని.

"మొదట్లో మా పిన్నిగారు చాలా భయపడ్డారండి. ఆపరేషనంటే వద్దన్నారు. నాలుగు రోజులు బతిమాలాం. ఆ నాలుగు రోజుల్లోనే దేవుడు విశాఖపట్నం నుంచి రోబోని..."

చప్పట్లు మా సంఘంలో అలవాటు లేదు. ఆ రోజు కొట్టారు.

బయటికొచ్చాక ఆడవాళ్లు పిన్ని చుట్టూ చేరారు. "మా బుడ్డోడే ఇంజెక్షన్‌కి ఏడవలేదండి, మీరేంటండీ సిస్టరమ్మగారూ," అంది ఒకావిడ. ఆవిడకి కాన్పు కష్టమైనప్పుడు తెల్లారిందాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది పిన్నే. "అవునమ్మా," అని నవ్వింది పిన్ని. ఇంటికొచ్చాక మా ఆవిడ మాత్రం అంది. "బాగా చెప్పారండి. పక్కనే ఉన్న నాక్కూడా నిజమేననిపించింది."

ఆ తరవాత పిన్నికి కబుర్లు రావడం తగ్గింది. వాకరు వల్ల అనుకున్నాను, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. మా వీధిలోనే ఒకాయనకి గుండె ఆపరేషన్ అయింది, కబురు రాలేదు. ఒకమ్మాయికి పిత్తాశయం తీశారు, రాలేదు. ఆ అమ్మాయిని తీసుకెళ్లే కారు మా గేటు ముందునుంచే వెళ్లింది. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. కారు మలుపు తిరిగాక లేచి, లోపలికొచ్చి, సంచీలోంచి ఫ్లాస్కు తీసి వంటింట్లో పెట్టింది. "ఈ సంచీ బీరువా మీద పెట్టరా, అడ్డంగా ఉంది," అంది. పెట్టాను.

ఇంకో ఏడాది గడిచింది. ఒక శుక్రవారం సాయంత్రం, మా చర్చి క్వయర్‌లో పాడే పెద్దావిడ కొడుకు మా ఇంటికొచ్చాడు. ఆ పెద్దావిడ పిన్నికి స్నేహితురాలు, ఇద్దరూ క్వయర్‌లో ముప్ఫై ఏళ్లు పక్కపక్కన నిలబడ్డవాళ్లు. కొడుకు బ్యాంకులో పనిచేస్తాడు, కొంచెం కంగారు మనిషి. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మ పొద్దున్న బాత్రూములో పడిందండి మాస్టారూ. తుంటే. ఎముక జరగలేదంట, రేపే స్క్రూలు వేసేస్తానంటున్నారు డాక్టరుగారు. మేమే ఆగుదామనుకుంటున్నామండి."

"దేనికి?" అన్నాను. దేనికో నాకు తెలుసు.

"సిస్టరమ్మగారికి చేయించినట్టే రోబోతో చేయిద్దామని. మీ సాక్ష్యం మాకింకా గుర్తేనండి. ఆ విశాఖ డాక్టరుగారు ఇప్పటికీ మంగళవారమే వస్తున్నారా? మీరో మాట చెప్తే..."

మా ఆవిడ టీ తెచ్చి అతనికిచ్చి, నా గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

"మీ పిన్నిగారినే అడగమంది అమ్మ," అన్నాడతను గొంతు తగ్గించి. "నేనే వద్దన్నానండి. ఆవిడ అసలే భయస్తురాలు, ఇప్పుడు మళ్లీ అవన్నీ గుర్తుచెయ్యడమెందుకని."

లోపలి గదిలోంచి వాకరు చప్పుడు వినపడింది. రెండు అడుగులు, ఆగడం, రెండు అడుగులు. పిన్ని గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"మీ అమ్మకి షుగరుంది కదూ?" అంది అతనితో.

"ఉందండి."

"మాత్రలు వేసుకుంటోందా?"

"వేసుకుంటుందండి."

"ఊఁ," అని నావైపు చూసింది. కోపంగా చూసిందని రాస్తే నాకు తేలికవుతుంది. కోపం లేదు. డాక్టరుగారు చెయ్యి చాపితే ఏ పనిముట్టు అందుకోవాలా అని నర్సు చూసే చూపు అది. నేనేం అడుగుతానా అని చూస్తోంది.

"ఆగకండి," అన్నాను అతనితో. "రేపే చేయించండి."

"రోబో అయితే..."

"మా పిన్నికి రోబో చెయ్యలేదండి."

అతను టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. "అదేంటండి మాస్టారూ. మీరే కదా మైకులో..."

"చెప్పాను. మొదటిరోజు మా పిన్నికీ ఎముక జరగలేదు. రేపే చేస్తానన్నారు. రోబో కోసం నేను ఆపాను. ఆగినందుకు జరిగింది. అప్పుడిక రోబోతో పనిలేకుండా పోయింది, చేత్తోనే చేశారు. ఆ వాకరు అందుకే."

"మరి ఆవిడ భయపడ్డారని..."

"భయపడలేదు. రోబో సంగతి ఆవిడకి చెప్పను కూడా లేదు."

అతను గ్లాసు పెట్టేసి, ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. "రేపే చేసెయ్యమనండి. అవునండి, మామూలుగానే," అనడం వినపడింది. తిరిగొచ్చేసరికి పిన్ని నాకు పని చెప్పింది.

"ఆ సంచీ దించు. బాబూ, నీ బండిలో నాకు చోటుందా?"

"మీరెందుకండీ, ఈ వాకరుతో..."

"వాకరు నడవడానికేగా ఇచ్చారు," అంది.

సంచీ మీద దుమ్ము దులిపి ఇచ్చాను. ఫ్లాస్కులో మా ఆవిడ అప్పటికే వేడినీళ్లు పోసి ఉంచింది.

శనివారం మధ్యాహ్నం పెద్దావిడకి స్క్రూలు వేశారు. పిన్ని ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి, మొహం మాత్రం పండగలా ఉంది. వాకిట్లో కుర్చీ వేసి, నేను పక్కన నిలబడ్డాను.

"పిన్నీ, నన్ను క్షమించు."

"దేనికి?"

"థియేటర్ ఖాళీ లేదని అబద్ధం చెప్పాను."

"అక్కడ మూడు టేబుళ్లున్నాయి. ఆ శుక్రవారం రెండు ఖాళీగానే ఉన్నాయి. డ్రిప్పు మార్చడానికొచ్చిన నర్సు చెప్పింది, ఆదివారం, ఎముక జరిగాక."

"మరి ఇన్నాళ్లూ నన్నడగలేదేం?"

"ఏమని అడగను? ఎందుకు చెప్పావురా అని అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడివి. నాకెందుకా బాధ." చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నువ్విప్పుడు నాకు చెప్పి లాభం లేదురా. నాకు తెలుసు కదా. తెలీనోళ్లకి చెప్పు."

తెలియనివాళ్లు రెండొందల మంది. అందులో మా స్కూలు హెడ్మాస్టరు ఉన్నాడు, నా దగ్గర చదువుకున్నవాళ్లు ముప్ఫై మంది ఉన్నారు. అంతమందికి విడివిడిగా చెప్పలేను. వాట్సాప్‌లో పెడదామని రెండుసార్లు టైపు చేసి రెండుసార్లు చెరిపేశాను. బుధవారం పాస్టరుగారింటికి వెళ్లి, ఆదివారం నాకు ఐదు నిమిషాలు కావాలన్నాను.

"మళ్లీ సాక్ష్యమా మాస్టారూ," అన్నాడాయన సంతోషంగా. "ఈసారి ఏం మిషనండి?"

ఆదివారం మైకు అందుకున్నాను. పిన్ని మొదటి బెంచీలోనే ఉంది, ముందు వాకరు, పక్కన సంచీ. ఆ వారం ఇంకెవరికో ఆపరేషన్ ఉందని అప్పటికే కబురొచ్చింది. తోడల్లుణ్ణి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. నాకు ఏదో సన్మానమనుకున్నాడేమో, కోటు వేసుకుని వచ్చాడు.

ఈసారి వరసలూ అడ్డంకులూ పెట్టుకోలేదు. కాగితం మీద రాసుకున్నది చదివాను. నా చెయ్యి వణికింది. తోడల్లుడు ఆ చేతి వంకే చూస్తున్నాడు.

"ఇక్కడే నిలబడి మా పిన్నిగారు భయపడ్డారని చెప్పాను. అది అబద్ధమండి. ఆవిడ పడిన రోజే ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్నారు. రోబో చేసిందని చెప్పుకోవాలని ఆపింది నేను. ఆవిడకి థియేటర్ ఖాళీ లేదని చెప్పాను, మీకు ఆవిడ భయపడిందని చెప్పాను. రోబో చెయ్యనూలేదు. ఆగినందువల్ల ఆవిడ కాలు ఇలా అయింది. నేను చెప్పిన మాటవల్ల మీరు ఆవిణ్ణి పిలవడం మానేశారు. పిన్నీ, నీ విషయంలో తప్పు చేశాను. నన్ను క్షమించు."

పాస్టరుగారు తన చెప్పులు చూసుకుంటున్నాడు. మొదటి బెంచీలోంచి పిన్ని వాకరు మీద చేతులు ఆనించి, కాస్త ముందుకి వంగింది.

"చివర్లో గొంతు పడిపోయిందిరా. వెనకాల ఆడవాళ్లకి వినపడలేదు."

మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చెప్పాను. "మా పిన్ని భయపడలేదండి. నేను అబద్ధం చెప్పాను. క్షమించు పిన్నీ."